లొడలొడలాడే తుపాకీ: యూజీన్ స్టోనర్ కథ

ఫస్ట్ ఇయర్ ఫిట్టింగ్ షాప్ గుర్తుందా ఫ్రెండ్స్? రెండు ఎంఎస్ ముక్కలు చేతికిచ్చి, ఒకదానిలో ‘వి’ ఆకారంలో గాడి, రెండోదానికి ఆ గాడిలో కూర్చునే కొన చేయమంటారు. నేను మూడు వారాలు చేతులు బొబ్బలెక్కేలా ఫైల్ పట్టి రుద్దాను. చివరికి సార్ నా జాయింట్‌ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే సందులోంచి వెలుతురు శుభ్రంగా కనిపించింది. మార్కులు ఆ సందులోంచే వెళ్లిపోయాయి. అప్పట్నుంచీ నా బుర్రలో ఒకటే ముద్ర: రెండు భాగాల మధ్య సందు ఉందంటే పని చెడినట్టే.

పోయిన సంక్రాంతికి డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు వీడియో కాల్ చేశాడు. ఫ్రెండ్స్‌తో కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్లి ఏఆర్-15 రైఫిల్ అద్దెకి తీసుకున్నాడట. చేత్తో ఊపితే పైభాగం, కిందిభాగం ఒకదానికొకటి తగిలి లొడలొడమన్నాయట. నువ్వు మెకానికల్ కదా, అది పాడైపోయిన తుపాకీయేనా అని అడిగాడు. నేను క్షణం ఆలోచించకుండా పాడైపోయిందే అన్నయ్యా అని చెప్పేశాను.

ఫోన్ పెట్టేశాక అనుమానం వచ్చి చదవడం మొదలుపెట్టాను. అలా దొరికినవారే యూజీన్ స్టోనర్. బీజీఎంఐలో ఎం16 పట్టుకుని తిరిగినవాళ్లం మనలో చాలామందే ఉన్నాం, కానీ దాని వెనకున్న మనిషి పేరు నాకైతే అప్పటిదాకా తెలీదు.

స్టోనర్ 1922లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, గాస్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. హైస్కూల్ చదువు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో అయింది. ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. ఒక విమానాల కంపెనీలో ఆయుధాలు బిగించే పనిలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్ దళంలో విమానాల ఆయుధాల విభాగంలోనే పనిచేశారు. యుద్ధం అయ్యాక విమాన పరికరాలు తయారుచేసే కంపెనీ మెషీన్ షాప్‌లో చేరి, మెల్లగా డిజైన్ ఇంజనీర్ అయ్యారు. మనం క్లాసులో కూర్చుని నేర్చుకునేది ఆయన లేత్ ముందు నిలబడి నేర్చుకున్నారన్నమాట.

1954లో ఆర్మలైట్ అనే చిన్న కంపెనీలో చీఫ్ ఇంజనీర్‌గా చేరారు. అది ఫెయిర్‌చైల్డ్ అనే విమానాల కంపెనీలో ఒక విభాగం. విమానాల వాళ్లకి బరువంటే పడదు, ప్రతి గ్రామూ లెక్కే. అదే పిచ్చి స్టోనర్ తుపాకీలోకీ వచ్చింది. అప్పటి సైనిక రైఫిళ్లు ఉక్కు, చెక్క. ఈయన అల్యూమినియం, ప్లాస్టిక్ అన్నారు.

మరి మందు పేలినప్పుడు పుట్టే ఒత్తిడికి అల్యూమినియం ఆగుతుందా? కథలో అసలు ఇంజనీరింగ్ ఇక్కడే ఉంది. చాలా పాత రైఫిళ్లలో పేలుడు దెబ్బని కాసే బోల్ట్, రిసీవర్‌లో లాక్ అయ్యేది. రిసీవర్ అంటే తుపాకీ ఒళ్లు అనుకోండి. బోల్ట్ తోసే తోపుని అదే మోయాలి కాబట్టి అది బలమైన ఉక్కే అయి ఉండాలి. స్టోనర్ డిజైన్‌లో బోల్ట్ కొంచెం తిరిగి, దాని పళ్లు బారెల్ వెనక బిగించిన ఉక్కు ముక్కలోనే లాక్ అవుతాయి. అంటే ఉక్కుని ఉక్కే పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న అల్యూమినియం రిసీవర్ మీద ఆ భారం పడదు.

ఆ రిసీవర్ కూడా రెండు భాగాలు. పైదాంట్లో బారెల్, బోల్ట్, గురిచూసే సైట్లు ఉంటాయి. కిందిదాంట్లో ట్రిగ్గర్, మేగజైన్ పట్టే చోటు, వెనక భుజానికి ఆనించే స్టాక్. రెండింటినీ కలిపేవి రెండే రెండు పిన్నులు. వెనక పిన్ను తోస్తే తలుపు కీలు మీద తెరుచుకున్నట్టు తుపాకీ తెరుచుకుంటుంది. ఏ పైభాగాన్నయినా ఏ కిందిభాగం మీదైనా పెట్టగలగాలంటే, సైనికుడు బురదలో కూర్చుని పనిముట్లు లేకుండా విప్పగలగాలంటే, అక్కడ కొంచెం సందు ఉండాల్సిందే. మన మెట్రాలజీ భాషలో క్లియరెన్స్ ఫిట్.

అన్నయ్య విన్న లొడలొడ ఈ సందుదే. గురి చూసే సైట్లూ, తూటా వెళ్లే బారెలూ రెండూ పైభాగానివే. కిందిభాగం కాస్త కదిలినా ఆ రెండింటి మధ్య సంబంధం మారదు. పోటీల్లో కాల్చేవాళ్లు పట్టు నిలకడగా ఉండాలని ఆ సందుని కూడా పూడ్చుకుంటారు, కానీ మామూలు వాడకంలో దాంతో వచ్చే తేడా చాలా తక్కువ. అదే బారెల్ వదులైనా, బోల్ట్‌కీ తూటా కూర్చునే గదికీ మధ్య కొలత తప్పినా కథ వేరే. మొదటిదానితో గురి పోతుంది, రెండోదానితో ప్రాణమే పోవచ్చు.

ఏ భాగం భారం మోస్తుందో స్టోనర్‌కి బాగా తెలుసు. ఆయన మాట వినని చోటే దెబ్బ తగిలింది. ఆయన మొదటి పెద్ద డిజైన్ ఏఆర్-10. సైన్యం పరీక్షకి పంపేటప్పుడు కంపెనీ పెద్దలు అల్యూమినియం, ఉక్కు కలిపిన బారెల్ పెడదామన్నారు. స్టోనర్ గట్టిగా వద్దన్నారు. అయినా పెట్టారు. 1957లో పరీక్షలో ఆ బారెల్ పగిలిపోయింది. సైన్యం వేరే రైఫిల్‌ని ఎంచుకుంది.

తర్వాత ఏఆర్-10ని చిన్నది చేసి ఏఆర్-15 తయారుచేశారు. 1959లో ఆర్మలైట్ దాని హక్కుల్ని కోల్ట్ కంపెనీకి అమ్మేసింది. అదే ఎం16గా వియత్నాం వెళ్లింది. అక్కడ జరిగింది చదివాక నాకు చాలాసేపు నిద్రపట్టలేదు. స్టోనర్ డిజైన్ చేసింది ఒక రకం మందుకి. సైన్యం తూటాలో వేరే మందు నింపింది. దాంతో కాల్చే వేగం పెరిగింది, లోపల మసి పెరిగింది. తూటా కూర్చునే గదికి క్రోమ్ పూత వేయలేదు, ఆ తేమకి తుప్పు పట్టింది. శుభ్రం చేసుకునే కిట్లు కూడా సరిపడా ఇవ్వలేదు. కాల్చిన గుల్లలు లోపలే ఇరుక్కుపోతే, ఎదురుగా శత్రువు ఉండగా కుర్రాళ్లు బారెల్‌లోంచి కడ్డీ పెట్టి పొడుచుకున్నారు. చాలామంది అలాగే చనిపోయారు. వాళ్లలో మన వయసువాళ్లే ఎక్కువ. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపింది. స్టోనర్ కూడా సాక్ష్యం చెప్పారు. సంఘం సైన్యం నిర్లక్ష్యాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. క్రోమ్ పూత వేసి, కిట్లు ఇచ్చాక అదే రైఫిల్ దారిలో పడింది.

చేతికి తెలిసే, చెవికి వినిపించే వదులు ఎవర్నీ చంపలేదు. చంపింది కాగితం మీద చిన్నదిగా కనిపించిన మార్పు.

స్టోనర్ ఆ తర్వాతా ఆగలేదు. ఒకే రిసీవర్‌కి భాగాలు మార్చి రైఫిల్‌గానూ మెషీన్‌గన్‌గానూ వాడుకునే స్టోనర్ 63 చేశారు. 1990లో ఏకే-47 సృష్టికర్త కలష్నికోవ్ అమెరికా వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి ఒకరి తుపాకీ ఒకరు కాల్చి చూశారు. కలష్నికోవ్‌కీ ఇంజనీరింగ్ డిగ్రీ లేదు, ఆయన రైఫిల్ కూడా లోపల వదులుకే పేరు పడింది. స్టోనర్ 1997లో, మనలో చాలామంది పుట్టకముందే, ఫ్లోరిడాలో క్యాన్సర్‌తో పోయారు.

ఈ తుపాకీ వంశంలోవే అమెరికా స్కూళ్లలో పిల్లల ప్రాణాలు తీసిన సంగతి మనం వార్తల్లో చదివాం. అందుకే ఆయన్ని హీరో చేయాలని ఇది రాయలేదు. చేసినవాడి చేయి దాటాక వస్తువు ఎటు పోతుందో ఏ డ్రాయింగూ చెప్పదు. ఆ బాధ్యత ఎంతవరకు ఎవరిదన్నది నాకింకా తేలలేదు.

మర్నాడు అన్నయ్యకి ఫోన్ చేసి నా జవాబు తప్పని ఒప్పుకున్నాను. అంత చిన్నదానికి మళ్లీ ఫోనా అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు. ఇప్పుడు ప్రాజెక్ట్‌లో ఏదైనా వదులుగా కనిపిస్తే, బిగించేముందు ఆ సందు ఏ భారం మోస్తోందని అడుగుతున్నాను. కొన్నింటిని అలాగే వదిలేస్తున్నాను. ఇంకొకరి డిజైన్‌లో ఏదైనా మార్చాల్సి వస్తే మాత్రం, ముందు వాళ్లని అడిగే మారుస్తున్నాను.

ఫిట్టింగ్ షాప్ మార్కులంటారా, సార్ వాటిని ఇంకా కలపలేదు. కలపక్కర్లేదు కూడా. ఆ జాయింట్ నిజంగానే బాగోలేదు.