పంతులు పక్కన లేకుండా చదివే పుస్తకం

గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజైన ఆగస్టు 29న మన బడుల్లో ఆయన పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఉపన్యాసాలన్నీ పండితులతో ఆయన చేసిన వాదాల చుట్టూ తిరుగుతాయి. ఆ వాదాలకు ముందు ఆయన చిన్న తరగతుల పంతులనీ, అదీ ఇవాళ ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోననీ ఎవరూ పెద్దగా ఎత్తరు. మనకు కావలసింది ఆ పంతులే.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరం మహారాజావారి బడిలో గురజాడ అప్పారావుతో కలిసి చదివారు. మెట్రిక్యులేషన్ కాగానే ఇల్లు గడవడం కోసం 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతానికి చేరారు. బి.ఏ. ప్రైవేటుగా కట్టి ప్యాసయ్యారు. ముఖలింగం గుడి శాసనాల మీది పాత లిపిని సొంతంగా కుస్తీపట్టి చదవడం నేర్చుకున్నారు. ఎవరూ చెప్పకుండా చదువుకోవడం ఎంత కష్టమో, అందులో ఎంత సంబరముందో ఆయనకు అనుభవమే.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలుంటారు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకు రావాలని, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. వాళ్ల పాటలు, కథలు రాసుకుని వాటితోనే వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవరలోనే చెప్పించారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, అది తనకొద్దని, సవర పిల్లల బడికి ఖర్చుపెట్టమని కోరారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైను ఆయన వినికిడిని తినేసింది. మనుషుల నోట మాట వినడానికే అడవులు పట్టిన మనిషికి ఇంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

సవర పిల్లలు ఇంటి మాటలో చదువుకుంటుంటే తెలుగు పిల్లలకు మాత్రం ఆ భాగ్యం లేదు. 1907లో ఈ జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకంలో తెలుగుకూ ఇంత దూరమెందుకని అడగడంతో చర్చ రాజుకుంది. అప్పటి వాచకంలో ‘పుస్తకముఁ జదివెను’ అని ఉండేది. ఇంట్లో ‘చదివాడు’ అనే పిల్లవాడికి ఆ ‘జ’ ఎక్కడినుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది? పంతులు పదం విడగొట్టి, అర్థం చెప్పి, వల్లె వేయిస్తే గానీ వాక్యం కదలదు. ఇంటికెళ్లి అదే పుస్తకం తెరిస్తే పక్కన పంతులు ఉండడు. ఇక పిల్లవాడు దాన్ని ఎందుకు తెరుస్తాడు? మా దృష్టిలో వ్యావహారిక వాదానికి ప్రాణం ఇదే. వ్యాకరణం గొడవ తర్వాతి సంగతి.

ముప్ఫై ఏళ్ల కొలువు వదిలాక గిడుగు పుస్తకాల మూటలతో ఊరూరా తిరిగి సభల్లో రుజువులు చూపారు. 1919లో వీరేశలింగం అధ్యక్షుడిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం వెలిసింది. అదే ఏడు ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. అయినా ఆయన బతికుండగా బడి పుస్తకాల భాష పెద్దగా మారలేదు.

ఇప్పుడు మారింది. కానీ మన పిల్లలకు దూరం ఇంకా ఉంది. హోసూరులోనో, కోలారులోనో, బరంపురంలోనో ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, వాచకంలోది మరొకటి. మూడో తరగతి పిల్ల బీరువాలోంచి కథల పుస్తకం తీసి రెండు వాక్యాలకే మూసేస్తే (బీరువాకు తాళం లేకపోతేనే లెండి), ఆ పిల్లకు చదువు మీద శ్రద్ధ లేదని మనం తేల్చేస్తాం. గిడుగైతే ముందు పుస్తకాన్ని అనుమానించేవారు. సవర గూడేల్లో ఆయన చేసిన పని మన బడుల్లోనూ చేయొచ్చు. అవ్వ చెప్పిన కథను పిల్ల నోటితో చెప్పించి, ఆ యాసలోనే పెద్ద అక్షరాలతో రాసి, ఆ కాగితాన్ని పిల్ల చేతికివ్వడానికి జీవో అక్కర్లేదు. అవ్వ మాటే కాబట్టి పిల్ల తడుముకోదు. అది చదివాక అచ్చు పుస్తకానికి మెల్లగా తీసుకెళ్లొచ్చు. తల్లిదండ్రులు చేయాల్సింది ఇంకా తక్కువ. పిల్ల చదువుతుంటే మధ్యలో తప్పులు దిద్దకుండా కూర్చుని వింటే చాలు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. అందుకు నిరసనగా గిడుగు, జీవితమంతా గడిపిన ఆ ఊరిని డెబ్బై దాటిన వయసులో విడిచి రాజమండ్రి చేరారు. ఊరు వదిలినా సవర పని వదల్లేదు. 1938లో ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. 1940 జనవరి 22న కన్నుమూశారు.