పరుగు నేర్చిన కాలు

విల్మా రుడాల్ఫ్ పేరు చెప్పగానే చాలామంది పోలియో వచ్చిన పిల్ల ఒలింపిక్స్ గెలిచిందట కదా అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నిజమే గానీ, మధ్యలో చాలా జరిగింది. మన విద్యార్థులకు పనికొచ్చేదంతా ఆ మధ్యలోనే ఉందని నాకనిపిస్తుంది.

విల్మా 1940 జూన్ 23న అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో నెలలు నిండకుండానే పుట్టింది. అప్పుడు ఆమె బరువు రెండు కిలోలు. తండ్రి ఎడ్ రైల్వే పోర్టరు, తల్లి బ్లాంచ్ తెల్లవాళ్ల ఇళ్లల్లో పనిమనిషి. తండ్రి రెండు పెళ్లిళ్ల పిల్లలూ కలిపి 22 మంది, అందులో ఈమె 20వది. న్యుమోనియా, స్కార్లెట్ జ్వరం, ఆ పైన పోలియో. ఎడమ కాలు చచ్చుబడింది. పోలియో టీకా వాడుకలోకి వచ్చింది 1955లో. ఆమెకు అప్పటికే పదిహేనేళ్లు నిండవచ్చాయి.

వాళ్లుండే క్లార్క్స్‌విల్‌లో నల్లజాతి వాళ్లకు సరైన వైద్యం లేదు. ఎనభై కిలోమీటర్ల దూరాన నాష్‌విల్‌లో నల్లజాతి వాళ్ల వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. తల్లి రెండేళ్లపాటు వారం వారం పిల్లను బస్సులో, అదీ నల్లవాళ్లకు వదిలిన వెనక సీట్లలో, అక్కడికి తీసుకెళ్లింది. ఆస్పత్రిలో కాలు ఎలా మర్దనా చెయ్యాలో నేర్చుకొచ్చి ఇంట్లో పిల్లలకు నేర్పింది. రోజుకు నాలుగుసార్లు, వంతులేసుకుని అక్కలూ అన్నలూ ఆ కాలు పిసికారు. మా ఊళ్లో నాన్న ఈడు వాళ్లలో పోలియో కాలున్నవాళ్లు ఇద్దరున్నారు. చూసినప్పుడల్లా ఆ 22 మంది ఇల్లు గుర్తొస్తుంది. పెద్ద కుటుంబమంటే తిండికి కరువని ఒకటే లెక్క వేస్తాం, చేతులు ఎన్నున్నాయో లెక్కపెట్టం.

పన్నెండేళ్లు వచ్చేసరికి కాలిపరూ పోయింది, ఎత్తు బూటూ పోయింది. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడుతుంటే, ఎప్పుడు చూసినా చుట్టూ తిరుగుతూనే ఉంటుందని కోచ్ ‘దోమ’ అని పేరు పెట్టాడు. అక్కడే ఆమెను టెనెస్సీ స్టేట్ కాలేజీ పరుగుల జట్టు కోచ్ ఎడ్ టెంపుల్ చూశాడు. వేసవి సెలవుల్లో శిక్షణకు పిలిచాడు. 1956లో పదహారేళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లి రిలే పరుగులో కాంస్యం తెచ్చింది. 1958లో ఒక బిడ్డకు తల్లయింది. బిడ్డను తనవాళ్ల దగ్గర ఉంచి ఆ ఏడే కాలేజీలో చేరింది. చాలామంది ఈ మాట దాటేస్తారు.

ఆ కాలేజీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఊరికే డబ్బిచ్చే స్కాలర్‌షిప్పులు ఆ అమ్మాయిలకు లేవు. చదువు ఖర్చు కోసం విల్మా రోజుకు రెండు గంటలు కాలేజీలోనే పని చేసేది. పరిగెత్తే దారి మట్టిది, గీతలు కూడా ఉండేవి కావు. టెంపుల్ సోషియాలజీ పాఠాలు చెప్పేవాడు, పందేలకు అమ్మాయిలను సొంత కారులో తీసుకెళ్లేవాడు. టెనెస్సీ వేసవి ఎండలో రోజుకు మూడు పూటలా పరుగు. ఒకసారి విల్మా నిద్రపోయి అరగంట ఆలస్యంగా వస్తే, నిమిషానికో చుట్టు చొప్పున ముప్ఫై చుట్లు తిప్పించాడట. మర్నాడు ఆమె అరగంట ముందే వచ్చి కూర్చుందట. మన హాస్టల్లో ఈ లెక్క పెడితే ఎంతమంది మిగులుతారో!

1960లో రోమ్ ఒలింపిక్స్. ఎండ మండిపోతోంది. మారథాన్‌ను సాయంత్రం మొదలుపెట్టి దివిటీల వెలుతురులో ముగించారంటే ఊహించుకోవచ్చు. చిన్న దూరపు పరుగుకు మాత్రం వేడి అంత శత్రువు కాదు. ఒళ్లు కాగకముందే పందెం అయిపోతుంది, వెచ్చని కండరం చురుగ్గా కదులుతుంది. మండుటెండలో మిరపకాయల కళ్లం మీద చెప్పుల్లేకుండా నీడకు ఉరికినవాళ్లకు ఇది ఏ ప్రొఫెసరూ చెప్పక్కర్లేదు.

వంద మీటర్ల పందేనికి ముందురోజు, ఎండకు తాళలేక అమ్మాయిలు మైదానంలో నీటి జల్లుల గుండా ఆడుతూ పరిగెత్తారు. విల్మా కాలు చిన్న గుంటలో పడి మడమ మెలి తిరిగింది. కట్టు కట్టుకుని పడుకుంది. సెప్టెంబర్ 2న సెమీఫైనల్లో 11.3 సెకన్లతో ప్రపంచ రికార్డును అందుకుంది. ఫైనల్లో 11.0. కానీ వెనక గాలి సెకనుకు 2.75 మీటర్లు ఉంది, హద్దు 2.0. అందుకని రికార్డు లెక్కలోకి రాలేదు, పతకం మాత్రం వచ్చింది. సెప్టెంబర్ 5న 200 మీటర్లు 24.0 సెకన్లలో గెలిచింది. ఆ మర్నాడే అదే స్టేడియంలో మన మిల్ఖా సింగ్ 400 మీటర్లలో నాలుగో స్థానంలో ఆగిపోయాడు.

ఆ తర్వాత రిలే. మార్తా హడ్సన్, లుసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, విల్మా. నలుగురిదీ ఒకటే కాలేజీ, ఒకటే మట్టిదారి. ముందు జరిగిన పోటీలో 44.4 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఫైనల్లో చివరి మార్పిడి దగ్గర బాటన్ దాదాపు జారిపోయింది. పట్టు కుదిరేలోపు జర్మనీ అమ్మాయి ముందుకు పోయింది. విల్మా తరిమి దాటేసింది. 44.5. ఒకే ఒలింపిక్స్‌లో పరుగు పందేల్లో మూడు స్వర్ణాలు గెలిచిన మొదటి అమెరికన్ మహిళ అయింది. నా మటుకు నాకు, మొదటి రెండింటికన్నా ఈ మూడోదే గొప్పది. ఇక్కడ ఆమె ఓడితే ఇంకో ముగ్గురు ఓడేవాళ్లు.

స్వదేశం వెళితే సొంతూళ్లో ఊరేగింపుకు ఏర్పాట్లు. అప్పటి ఆచారం ప్రకారం తెల్లవాళ్లు వేరు, నల్లవాళ్లు వేరు. అలాగైతే తను రానని విల్మా ఖరాఖండిగా చెప్పేసింది. పతకాలు తెచ్చిన ఇరవయ్యేళ్ల పిల్లను కాదనలేకపోయారు. 1960 అక్టోబర్ 4న క్లార్క్స్‌విల్ చరిత్రలో మొదటిసారి అందరూ ఒకే వీధిలో కలిసి నిలబడ్డారు, ఆ రాత్రి ఒకే విందులో కూర్చున్నారు.

1962లో పరుగు మానేసింది. 1963లో డిగ్రీ పూర్తి చేసి పంతులమ్మ అయింది, పిల్లలకు పరుగు నేర్పింది. 1994 నవంబర్ 12న మెదడు కేన్సర్‌తో 54 ఏళ్లకే కన్నుమూసింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఆమె చదివిన కాలేజీలో ఆరంతస్తుల హాస్టల్ ఒకటి ఆమె పేరు మీద తెరిచారు. అందులో ఉండేది అమ్మాయిలు.