మంచినీళ్ల చెరువు నుంచి నదుల చట్టం దాకా: బాబాసాహెబ్ జీవితం



తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌లోకి మీరు వెళ్లే ఉంటారు. 1953 జనవరి 12న ఆ విశ్వవిద్యాలయం బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ పట్టా అందుకున్న మనిషికి చిన్నప్పుడు బడిలో కుండ ముట్టుకునే హక్కు లేదు. ప్యూను పైనుంచి పోస్తేనే నీళ్లు. ప్యూను రాకపోతే ఆ రోజంతా దాహమే.

ఆయన 1891 ఏప్రిల్ 14న మౌ పట్టణంలో పుట్టారు. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చారు. 1923లో బొంబాయి శాసనమండలి, ప్రభుత్వ బావులు, చెరువులు అందరివీ అని తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా తన చెరువును అందరికీ తెరిచింది. కానీ అదంతా కాగితం మీదే. పశువులు తాగే ఆ చెరువులో మనవాళ్లు దోసిలి ముంచలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చౌదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తర్వాత మనవాళ్లను కొట్టారు, చెరువును శుద్ధి చేశామన్నారు, అది తమ సొంతమని కోర్టుకెక్కారు. బాబాసాహెబ్ పదేళ్లు కేసు నడిపారు. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టులో మనవాళ్లే గెలిచారు.

ఆయన ఒక్క చెరువుతో ఆగలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా దామోదర్, మహానది ప్రాజెక్టుల ఆలోచనను ముందుకు నడిపారు. వరద ఆపడం, సాగునీరు, కరెంటు మూడూ ఒకే పథకంలో రావాలని చూశారు.

తర్వాత రాజ్యాంగం వచ్చింది. బావులు, చెరువులు, స్నానఘట్టాల దగ్గర కులం పేరుతో అడ్డుకోకూడదని ఆర్టికల్ 15 చెబుతుంది. సమాజపు వనరులు అందరి మేలుకే పంచాలని ఆర్టికల్ 39 చెబుతుంది. రాష్ట్రాల మధ్య నదీ తగాదాల కోసం ఆర్టికల్ 262 ఉంది. మన కృష్ణా నీళ్ల మీద 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్‌కు మూలం అదే.

ఇందులో ధమ్మం ఎక్కడుంది అంటారా? ఆయన చివరగా రాసిన బుద్ధుడి చరిత్రలో చూడండి. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులు, కోలియులు యుద్ధానికి లేస్తారు. సిద్ధార్థుడు యుద్ధం వద్దంటాడు. రెండు వైపులా ఇద్దరేసి పెద్దలు, వాళ్లు ఎన్నుకున్న ఐదో మనిషి కూర్చుని తేల్చాలంటాడు. సంఘం వినదు. ఆయన ఇల్లు విడుస్తాడు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఆ బుద్ధుడినే శరణు వేడారు. డిసెంబర్ 6న కన్నుమూశారు.

ఇప్పుడు మీ ఊరు చూడండి. చెరువు ఎవరి చేతిలో ఉంది? మంచినీళ్ల పైపు మీ వాడ దాకా వచ్చిందా? గ్రామసభలో ఈ మాట అడగండి. జవాబు రాకపోతే అర్జీ రాసి పెట్టండి. మహాడ్‌లో తీర్మానం ఉన్నా నీళ్లు వాటంతట అవి రాలేదు. నడిచి వెళ్లినవాళ్లు, పదేళ్లు ఓపిక పట్టినవాళ్లు ఉంటేనే వచ్చాయి.