చిన్న తెరేజమ్మ నాన్నగారి ఆఖరి ఏళ్లు



మీ ఇంట్లో పెద్దవారెవరైనా కన్నబిడ్డనే నువ్వెవరని అడుగుతున్నారా? భోజనం చేసిన పది నిమిషాలకే తనకు అన్నం పెట్టలేదని పొరుగింటికి వెళ్లి చెబుతున్నారా? తలుపు తీసి ఉంటే చాలు, ఎటో నడిచి వెళ్లిపోతున్నారా? అయితే ఈ వారం చెప్పే జీవితం ముఖ్యంగా మీ కోసమే.

పునీత చిన్న తెరేజమ్మ పటం మన ఇళ్లలో చాలాచోట్ల ఉంది. ఆమె తండ్రి లూయీ మార్టిన్ గారు 1823లో ఫ్రాన్సు దేశంలోని బోర్డోలో జన్మించారు. అలెన్సోన్ పట్టణంలో గడియారాల దుకాణం నడిపారు. 1858లో జెలీ గారిని వివాహమాడారు. తొమ్మిదిమంది బిడ్డలు పుడితే ఐదుగురు ఆడపిల్లలు మిగిలారు. 1877లో జెలీ గారు రొమ్ము కాన్సరుతో కన్నుమూశారు. ఆయన పిల్లలను తీసుకొని, బావమరిది ఇసిదోర్ గెరెన్ గారు ఉన్న లిసియే పట్టణానికి చేరారు. ఈ దంపతులిద్దరినీ 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు పునీతులుగా ప్రకటించారు. ఇంతవరకు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తర్వాత జరిగింది మనం ప్రసంగాల్లో అంతగా చెప్పుకోము.

1887 మే నెలలో ఆయనకు మొదటిసారి పక్షవాతం తగిలింది. కోలుకున్నారు. 1888 ఏప్రిల్‌లో చిన్న కూతురు తెరేజమ్మ కార్మెల్ మఠంలో చేరింది. అక్కలు పౌలీన్, మరీ అప్పటికే అక్కడ ఉన్నారు. ఇంట్లో మిగిలింది లెయోనీ, సెలీన్. జూన్ 23న నాన్నగారు ఎవరికీ చెప్పకుండా ఇంటినుంచి మాయమయ్యారు. నాలుగు రోజులు వెదికారు. చివరికి ల హావ్రె అనే రేవు పట్టణంలో, పోస్టాఫీసు దగ్గర దొరికారు. వెదకబోయిన వారిలో సెలీన్ కూడా ఉంది. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు.

మెదడులోని రక్తనాళాలు గట్టిపడడం వలన వచ్చిన జబ్బు అది. ఇలాంటి మతి క్షీణతను నేడు వైద్యులు డిమెన్షియా అంటున్నారు. మన ఊళ్లలో చాదస్తం అంటాం, లేదా ఎవరో ఏదో చేశారంటాం. రెండూ తప్పే.

1889 ఫిబ్రవరి నాటికి ఆయన కళ్లకు యుద్ధాలు కనిపించసాగాయి. కూతుళ్లను కాపాడాలని పిస్తోలు చేతబట్టారు. ఇక గెరెన్ గారు ఆగలేదు. ఫిబ్రవరి 12న కాన్ నగరంలోని బోన్ సోవ్యోర్ ఆసుపత్రికి తీసుకువెళ్లారు. మఠకన్యలు నడిపే మానసిక రోగుల ఆసుపత్రి అది. లోకం దృష్టిలో మాత్రం పిచ్చాసుపత్రే. ఊరి నోరు ఊరుకుంటుందా? కూతుళ్లు ఒకరి తర్వాత ఒకరు మఠానికి పోవడంతోనే తండ్రికి మతి చెడిందన్నారు. ఆ మాట మఠం గోడలు దాటి తెరేజమ్మను చేరి గుచ్చుకుంది.

నాన్నను ఆసుపత్రిలో వదిలేశామా అన్న మాట మీలో కొందరిని రాత్రిళ్లు నిద్రపోనివ్వదని నాకు తెలుసు. ఒక పునీతుణ్ణి, ఆయన్ను ప్రాణంలా ప్రేమించినవారే అక్కడ చేర్చారు. అది విడిచిపెట్టడం కాదు. లెయోనీ, సెలీన్ ఆ ఆసుపత్రి దగ్గరలోనే బస చేశారు. రోజూ చూడనివ్వమంటే వారానికి ఒక్కసారే అనుమతి దొరికింది. మూడు నెలల తర్వాత లిసియేకు, మేనమామ ఇంటికి తిరిగి వచ్చారు. తెలివి వచ్చిన ఘడియల్లో తానెక్కడ ఉన్నదీ ఆయనకు తెలిసేది. జీవితమంతా ఆజ్ఞలిచ్చిన తాను ఇప్పుడు లోబడడం నేర్చుకోవాలని ఆ అవమానాన్ని స్వీకరించారు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు, జ్ఞాపకం, బుద్ధి, చిత్తం ఆత్మకున్న మూడు శక్తులని పునీత అగస్తీను గారి బోధనలో నేర్చుకున్నాం. జ్ఞాపకం పోతే మనిషిలో ఏం మిగులుతుందని అప్పట్లో వాదించుకునేవాళ్లం. ఆ వాదంలో రోగి మంచం పక్కన కూర్చున్నవారి సంగతి మాకెవరికీ తట్టలేదు.

1892 మే 10న ఆయన్ను ఇంటికి తెచ్చారు. కాళ్లు పడిపోయాయి కాబట్టి పారిపోతారనే భయం లేదు. రెండు రోజుల తర్వాత మఠంలోని ముగ్గురు కూతుళ్లను చూపించారు. మాట దాదాపు పోయింది. కన్నీళ్లతో వేలు పైకెత్తి పరలోకాన్ని చూపారు. అదే చివరి చూపు.

ఆ తర్వాత రెండేళ్ల సేవ సెలీన్‌ది. ఆమెకూ కార్మెల్‌లో చేరాలనే ఉంది. వాయిదా వేసుకుంది. 1893లో లెయోనీ కూడా కాన్‌లోని మఠానికి వెళ్లింది. అయినా సెలీన్ ఒంటరిగా మోయలేదు, గమనించండి. మేనమామ కుటుంబం అండగా ఉంది. ఆయన్ను ఎత్తి కూర్చోబెట్టడానికి ఒక సేవకుణ్ణి, అతని భార్యను పెట్టుకున్నారు. చక్రాల కుర్చీలో బయట తిప్పేవారు. మఠంనుంచి తెరేజమ్మ ఉత్తరాలు వచ్చేవి. కెనడాలో ఉన్న తన ఆత్మ గురువుకు సెలీన్ మనసులోని మాట రాసుకునేది. ఇవి లేకుండా ఆమె తట్టుకునేదా? నాకు నమ్మకం లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రోగులకు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్లినప్పుడు మంచంమీదివారిని పలకరించి, దీవించి వచ్చేస్తాను. తలుపు దగ్గర నిలబడిన కోడలు రాత్రి పడుకుందో లేదో చాలా ఏళ్లు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. కొందరు సమాధానం చెప్పకుండా ఏడుస్తారు. మీ విచారణ గురువు అడగకపోతే మీరే చెప్పండి. ఆదివారం రెండు గంటలు మామగారి దగ్గర కూర్చోమని ఆడపడుచును అడగండి. పూజకైనా, నిద్రకైనా ఆ రెండు గంటలు మీవి.

1894 జులై 29న, ఎవ్రూ దగ్గరి లా ముస్‌లోని గెరెన్ గారి ఇంట్లో లూయీ మార్టిన్ గారు ప్రాణం విడిచారు. కూతుళ్లలో పక్కన ఉన్నది సెలీన్ ఒక్కతే. ఏడు వారాలకు, సెప్టెంబరు 14న, ఆమె కార్మెల్ మఠం గుమ్మం దాటింది. వెంట తన కెమెరా కూడా తీసుకువెళ్లింది. మఠంలో ఉన్న తెరేజమ్మ ఫోటోలు నేడు మనం చూస్తున్నామంటే, వాటిలో ఎక్కువ భాగం ఆ కెమెరాతో సెలీన్ తీసినవే.