మనోధర్మాచార్యుడు ద్వారం వేంకటస్వామినాయుడు

కర్ణాటక సంగీతమున కల్పితమనియు, మనోధర్మమనియు రెండు భాగములు కలవు. వాగ్గేయకారుడు కూర్చిపోయిన వర్ణమును, కృతిని పాఠము చెడకుండ అప్పగించుట మొదటిది. రాగాలాపన, తానము, నెరవు, స్వరకల్పన మున్నగునవి గాయకుని బుద్ధిలో అప్పటికప్పుడు పుట్టి సభలోనే రూపు కట్టును, ఇది రెండవది. కల్పితమును తరగతిలో కూర్చుండబెట్టి నేర్పవచ్చును, పరీక్షయు పెట్టవచ్చును. మనోధర్మము సంగతి యేమి? గురుకులమున ఏండ్ల తరబడి గురువు వెంట తిరిగి, ఆయన సాధకమును, కచేరిని, తీరిక వేళ కూనిరాగమును కూడ వినగా వినగా శిష్యునకు అది పట్టువడెడిది. గంట కొట్టగా మొదలై గంట కొట్టగా ముగియు తరగతిలో అది పట్టువడునా? ఇరువదవ శతాబ్దపు తొలిపాదమున సంగీతము రాజాస్థానములనుండియు, గురుగృహములనుండియు పాఠశాలలకు తరలినపుడు ఎదురైన చిక్కుప్రశ్న ఇది. ఆంధ్రదేశమున దీనికి వాదముతో గాక ఆచరణతో సమాధానము చెప్పినవారిలో ద్వారం వేంకటస్వామినాయుడుగారు ముఖ్యులు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి సైన్యమున ఉద్యోగి. బాల్యము విశాఖపట్టణమున గడచెను. చూపు మందమగుటచే బడిచదువు సాగలేదు. అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయించువారు. తమ్మునకు తొలిగురువు ఆయనయే. కన్ను చేయలేని పనిని చెవి చేయవలసివచ్చిన బాలుడు శబ్దమును ఇతరులకంటె నిశితముగా పట్టుకొనుట వింత కాదు. అయితే దీనిని గూర్చి ఎక్కువ కథలల్లుట అనవసరము. చూపు తగ్గినవారందరును సంగీతజ్ఞులు కాలేదు.

1919లో విజయనగర ప్రభువు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు విజయరామ గానపాఠశాలను నెలకొల్పిరి. ఆస్థానమునకు చెందిన చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు పుట్టంధుడు. ఆ బాలునకు విద్య చెప్పించు నిమిత్తమై ఈ పాఠశాల వెలసినదని ప్రసిద్ధి. నాయుడుగారు అచ్చట విద్యార్థిగా చేరదలచి వెళ్లిరి. పరీక్షించినవారు ఆయన వాద్యమును విని, విద్యార్థిగా గాక ఫిడేలు ఆచార్యులుగా నియమించిరి. అప్పటికాయన ఇరువదియారవ యేట ఉండిరి. ఈ వృత్తాంతమును ఆశ్చర్యమునకై చెప్పుట పరిపాటి. దానిలోని అసలు విశేషము వేరు. పెద్ద గురుకులపు ముద్రగాని, పట్టముగాని లేని యువకుని వినికిడి మాత్రమే ప్రమాణముగా ఆచార్యపీఠమున కూర్చుండబెట్టిరి. ఆ పాఠశాల తన మొదటి సంవత్సరముననే విద్యకు కొలతబద్దను నిర్ణయించుకొన్నదనవచ్చును.

పాఠశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథాపితామహులుగా పేరొందిన దాసుగారు లయమున అసాధ్యులు. పంచముఖివిన్యాసమున వారికి సాటి లేరని నాటి ప్రతీతి. వారి ప్రతిభ జలపాతము వంటిది. చూచి విస్మయపడవలసినదే గాని శిష్యుడు దోసిలి పట్టి తెచ్చుకొనదగినది కాదు. నాయుడుగారి మార్గము దీనికి భిన్నము. కమాను ఒక్క ఊపున ఎంతసేపు నిలువవలెనో, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు వ్రేలు ఏ దారిని జారవలెనో, ఎచ్చట ఆగవలెనో అన్నదే వారి చింత. ఇట్టి ఇరువురు ఒక్క కప్పు క్రింద పదునేడేండ్లు బోధించుట విజయనగరపు అదృష్టము. 1936లో దాసుగారు విరమింపగా నాయుడుగారు అధ్యక్షులైరి.

వారి బోధనను గ్రహించుటకు ఫిడేలు స్వభావమును కొంత చెప్పవలసియున్నది. ఈ పాశ్చాత్యవాద్యము పందొమ్మిదవ శతాబ్దారంభమున బాలుస్వామి దీక్షితులు, వడివేలు మున్నగువారి మూలమున కర్ణాటక సంగీతమున స్థిరపడి, శతాబ్దకాలము ప్రధానముగ పక్కవాద్యముగ మెలగినది. దీనికి వీణకువలె మెట్లు లేవు. స్వరస్థానమెచ్చట ఉన్నదో వ్రేలికి చూపునది చెవి ఒక్కటియే. గాయకుడు తోడి నెత్తుకొని ఒక సంచారము పాడును. ఫిడేలు నీడవలె వెన్నంటవలెను. అతడు ఆలాపన ముగించి విడిచిన పిదప అదే రాగమును తాను వాయింపవలెను. గాయకుడు ఏమి పాడునో ముందు తెలియదు. పాడినదానినే తిరిగి వాయించిన చర్వితచర్వణము. దానిని మించబోయిన మర్యాదాభంగము. విన్న దానిలోని సారమును క్షణములో గ్రహించి, తనదైన మాటలో క్లుప్తముగ బదులు చెప్పవలెను. మనోధర్మమునకు ఇంతకంటె కఠినమైన పాఠశాల లేదు. నాయుడుగారు ఎందరో గాయకులకు పక్కవాద్యము వాయించి ఈ పాఠశాలలో ఆరితేరినవారు. ఏకవాద్య కచేరీలతో ఖ్యాతి గడించిన తరువాతను వారి ఆలాపనలో సంక్షిప్తత చెడలేదన్నచో దానికి ఈ అభ్యాసమే కారణమై యుండును.

రెండవ విశేషము నాదము. నాయుడుగారు పాశ్చాత్య వాయులీన విద్వాంసుల గ్రామఫోను రికార్డులను శ్రద్ధతో వినెడివారు. వారినుండి రాగమును గాని, బాణీని గాని తెచ్చుకొనలేదు; కమాను నడకను, తంతిపై ఒత్తిడిని, నాదపు నిండుతనమును తెచ్చుకొనిరి. గమకము మాత్రము పూర్తిగ గాత్రమునుండి వచ్చినదే. గాత్రమున ఒక్క ఊపిరిలో పలుకు సంచారము ఫిడేలుపై ఒక్క కమానులో పలుకవలెను. కమాను నడుమ త్రిప్పినచో పదము నడుమ విరిచినట్లగును. కనుక ఫిడేలు విద్యార్థి ముందు పాడగలుగవలెను. పాడలేనిదానిని వ్రేలు ఊహింపలేదు. నాయుడుగారు తంబుర మహిమను గూర్చి వ్యాసములు వ్రాసియుండుట ఈ సందర్భమున గమనింపదగినది. ఫిడేలు ఆచార్యుడు కలము పట్టినపుడు వ్రేళ్ల పాటవమును గూర్చి గాక శ్రుతిని గూర్చి వ్రాసెను.

దూరదేశపు పోలిక ఒకటి ఇచ్చట ఉపకరించును. విజయనగర పాఠశాల వెలసిన 1919లోనే అమెరికాలోని చికాగోలో లెన్నీ ట్రిస్టానో అను పియానో విద్వాంసుడు జన్మించెను. బాల్యముననే అంధుడైన ఇతడు జాజ్ సంగీతమున ఆశువాదనమును క్రమపద్ధతిని బోధించిన తొలివారిలో ఒకడు. 1951లో న్యూయార్కున అందుకై ఒక పాఠశాలను తెరచెను. లెస్టర్ యంగ్ వంటివారు రికార్డులలో వాయించిన ఆశుకల్పనలను శిష్యులచేత ముందు గొంతుతో పాడించి, పిదప వాద్యముపై పలికించుట అతని పద్ధతి. లీ కోనిట్జ్ మున్నగు అతని శిష్యులు గురువునకు ప్రతిబింబములు గాక స్వతంత్రులైరి. ఇరువురికిని పరస్పర పరిచయము లేదు. సంగీతములు వేరు, శ్రోతలు వేరు. అయినను తరగతిలో ఆశుకల్పన నెట్లు నేర్పవలెనను చిక్కు ఎదురైనపుడు ఇరుదేశములవారును చెవిని, కంఠమును వ్రేలికి ముందు నిలుపుట యాదృచ్ఛికము కాదు. మన సంప్రదాయమున ఇది కొత్త సూత్రమును కాదు. గురుకులమున సహజముగ జరిగెడి వినికిడిని కళాశాల బుద్ధిపూర్వకముగ ఏర్పాటు చేయవలసివచ్చెను, కొత్తదనము అంతమాత్రమే.

నాయుడుగారి ఏకవాద్య కచేరి మొదటిసారి వేలూరులో 1938లో జరిగెను. అటుపిమ్మట గౌరవములు వరుసగ వచ్చినవి: 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ సంగీతకళానిధి బిరుదము, 1950లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ, 1953లో సంగీత నాటక అకాడమి పురస్కారము, 1957లో పద్మశ్రీ. 1952లో భారతదేశమునకు వచ్చిన యెహూదీ మెనూహిన్ మద్రాసులో రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యమును విని ప్రశంసించెను. పాశ్చాత్యుని ప్రశంసతో మన విద్వాంసుని విలువ కట్టవలసిన పని లేదు. అయితే కమాను విద్యను రికార్డుల ద్వారా దూరమునుండి అభ్యసించిన వానిని ఆ విద్యయందే అగ్రగణ్యుడు ఎదుట కూర్చుండి వినుట ముచ్చటయైన ఘట్టము.

ఆచార్యుని విలువ శిష్యుల వలన తెలియును. అన్నగారి శాఖకు చెందిన ద్వారం నరసింగరావునాయుడుగారు ఫిడేలు విద్వాంసులై అదే కళాశాలలో బోధించిరి. నాయుడుగారి కుమార్తె మంగతాయారుగారు ఫిడేలు విదుషీమణిగా పేరొందిరి. నూకల చినసత్యనారాయణగారు నాయుడుగారియొద్ద శిక్షణ పొంది గాయకులుగా ప్రసిద్ధులైరి. నేదునూరి కృష్ణమూర్తిగారు విజయనగరమున నరసింగరావుగారికి శిష్యులై, పిదప శ్రీపాద పినాకపాణిగారిని ఆశ్రయించి, 1991లో సంగీతకళానిధియైరి. ఆ పినాకపాణిగారును నాయుడుగారివద్ద కొంత నేర్చినవారే. వృత్తిచే వైద్యులయ్యును మనోధర్మసంగీతమును గూర్చి ప్రత్యేకముగ గ్రంథమునే రచించిరి. ఫిడేలు ఆచార్యుని పరంపరలో ఇందరు గాయకులు కనబడుట విచారింపదగిన విషయము. వ్రేళ్ల నేర్పు మాత్రమే బోధింపబడియున్నచో ఆ పరంపర ఫిడేలువారితోనే ఆగిపోయెడిది. రాగమును ఆలోచించు తీరు సంక్రమించినది గనుకనే అది వాద్యము మారినను నిలిచినది.

లోపమును కూడ చెప్పవలెను. నాయుడుగారు తమ బోధనాక్రమమును గ్రంథరూపమున ఉంచలేదు. పాఠ్యప్రణాళికలో వర్ణముల పేర్లు, కృతుల పేర్లు నిలుచును. ఆ కృతిలోని సంగతినుండి ఆలాపనలోని సంచారము నెట్లు తీయవలెనో ప్రణాళిక చెప్పదు. అది చెప్పగలవాడు ఎదుట ఉన్నంతకాలము లోటు కనబడలేదు. ఆయన తరువాత దక్షిణదేశపు వేదికలపై ఏకవాద్యముగ ఫిడేలునకు పెరిగిన గౌరవములో అధికభాగము మద్రాసు కేంద్రముగ నున్న విద్వాంసులకు దక్కినది. విజయనగరపు బాణీ అంతటి ప్రాచుర్యము పొందలేదు. దీనికి రాజధాని దూరమగుట వంటి బాహ్యకారణములు లేకపోలేదు గాని, వ్రాతలో లేని పద్ధతి మనుష్యులతోపాటు పలుచబడుట కూడ ఒక కారణమే.

నాయుడుగారు 1964 నవంబరు 25వ తేదీన దివంగతులైరి. శతజయంతి వత్సరమైన 1993లో భారత తపాలాశాఖ వారి స్మారకముగ తపాలాబిళ్లను వెలువరించినది. వారి గ్రామఫోను రికార్డులు కొన్ని నేటికిని లభించుచున్నవి. కొద్ది నిమిషములకు మించని ఆ పాత రికార్డులలో రాగమునకు దొరకిన వ్యవధి స్వల్పము. ఆ స్వల్పకాలముననే రాగస్వరూపము కుదురుగ నిలుచుటకు ఏ సంచారమును గ్రహించిరో, దేనిని విడిచిరో ఒక్కొక్క రికార్డును విని స్వరపరచినచో, వారు వ్రాయక విడిచిన పాఠము కొంతవరకైనను చేజిక్కును. ఆ పని విజయనగర కళాశాలలోని ఫిడేలు తరగతియే తలపెట్టదగినది.