మూసీ తీరాన మహబూబ్ పాషా

రాజ్యాలు గతించినా ప్రజల నాలుకపై నిలిచే రాజుల పేర్లు కొన్ని మాత్రమే ఉంటాయి. హైదరాబాదు రాజ్యాన్ని పాలించిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు అట్టిది. మహబూబ్‌నగర్, మహబూబాబాద్ పట్టణాల పేర్లలో ఆయన నేటికీ వినిపిస్తారు. కాని పాతనగర వాసులు ఆయనను తలచుకొనేది 1908 నాటి మూసీ వరదను తలచుకొన్నప్పుడే.

ఆయన 1866 ఆగస్టులో జన్మించారు. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా మరణించగా, మూడేండ్లైనా నిండని ఆ పసివానికి పట్టం కట్టారు. పాలనాభారమును మొదటి సాలార్‌జంగ్ ముఖ్యునిగా పెద్దలు వహించారు. 1884లో వైస్రాయి రిప్పన్ ప్రభువు సమక్షంలో యువ నిజాంకు పూర్తి అధికారాలు సంక్రమించాయి.

ఆయన కాలంలోనే రైలుమార్గం హైదరాబాదును చేరి, 1889 నాటికి బెజవాడ వరకు సాగింది. మన ప్రాంతానికి చేరువనున్న ఇల్లెందులో బొగ్గు త్రవ్వకం మొదలైనదీ ఆ రోజులలోనే. 1887లో నిజాం కళాశాల, 1891లో అసఫియా గ్రంథాలయం వెలిశాయి. ఆయన స్వయంగా ఉర్దూ కవి. సుప్రసిద్ధ కవి దాగ్ దెహల్వీ ఆయనకు గురువు. 1901లో ప్రధానమంత్రి పదవిని మహారాజా కిషన్ పర్షాద్‌కు అప్పగించారు. మతభేదం ఆ నియామకానికి అడ్డు కాలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ ఉగ్రరూపం దాల్చింది. కుంభవృష్టికి ఎగువనున్న రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగగా, ఆ నీరంతా నగరంపై విరుచుకుపడింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలింది, వంతెనలు కొట్టుకుపోయాయి, పురానాపూల్ మాత్రం నిలిచింది. సుమారు 15,000 మంది మరణించినట్లు అంచనా. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ వృక్షం నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనిదే.

ఆ విపత్సమయాన నిజాం అంతఃపురంలో దాగి ఉండలేదు. బాధితులకు రాజభవనాల తలుపులు తెరిపించారు. అన్నం వండించి పెట్టించారు. ఆయన హిందూ సంప్రదాయానుసారం నదీమతల్లికి హారతి పట్టి శాంతించమని వేడుకొన్నారని ఒక జనశ్రుతి. దానిని చరిత్రకారులు ఎట్లు తూచినా, ఒక ముస్లిం ప్రభువును గురించి హిందూ ప్రజలు ఇట్టి కథ చెప్పుకొన్నారనుటే గొప్ప సాక్ష్యం. పాము కరచిన వానికి ఆయన పేరు తలచినంతనే విషం దిగునను నమ్మిక కూడా ఇట్టిదే.

అయితే ఆయనను నిర్దోషిగా చిత్రించుట చరిత్రకు ద్రోహమగును. విలాసాలకు, పులులవేటకు ఆయన వెచ్చించిన కాలం, ధనం తక్కువ కాదు. 1902లో బీరారును శాశ్వత కౌలుపై ఆంగ్లేయులకు వదలుకోవలసి వచ్చింది. పారసీక స్థానంలో ఉర్దూ రాజభాష అయింది గాని, రాజ్యంలో అధిక సంఖ్యాకులు మాట్లాడే తెలుగుకు ఆ గౌరవం దక్కలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రజల పూనికతో పుట్టుటకు కారణం ఈ లోటే. రెండు భాషల నీడలో చదువుకొంటున్న మనకు ఈ సంగతి మరువరానిది.

వరద తగ్గిన తరువాత నిజాం ప్రభుత్వం చేసిన పని మరింత ముఖ్యమైనది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి నదిని పరిశీలింపజేసింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడనే ఆపవలెనని ఆయన సూచించారు. అది కార్యరూపం దాల్చక ముందే, 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా భవనంలో మహబూబ్ పాషా కన్నుమూశారు. మక్కా మసీదు ఆవరణలో ఆయనను ఖననం చేశారు. కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను అడ్డుకొన్న ఆ నీరే నగరానికి దాహం తీర్చింది.

విద్యార్థి మిత్రులారా! గోదావరికి చేరువన ఉన్న మనకు వరద అనగా ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరినది. 2022లోను నది 71 అడుగులు దాటినది. నీరు ఇంటిలోకి వచ్చినపుడు అది ఎవరి ఇల్లని అడుగదు. ఆపదలో తలుపులు తెరచుట దయ. ఆ ఆపద మరల రాకుండ ఆనకట్ట కట్టుట వివేకం. మహబూబ్ పాషా జీవితం మొదటిదానిని నేర్పితే, ఆయన అనంతరం మూసీపై లేచిన కట్టలు రెండవదానిని నేర్పుతున్నవి. దయను మాత్రమే పొగడి వివేకాన్ని మరచిన నాడు, ప్రతి తరానికి ఒక చింతచెట్టు కావలసి వస్తుంది.