చలిని తట్టుకునే రబ్బరు కోసం.. అప్పుల్లోనే ముగిసిన చార్లెస్ గుడ్‌ఇయర్ జీవితం

సూరత్‌లోని ఉధ్నాలో మంచు కురవదు. జనవరి రాత్రుల్లో కూడా అక్కడ ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగడం అరుదు. టైరు కొనేవాళ్లు ఎండ, వాన, మోయాల్సిన బరువు చూసుకుంటారు తప్ప చలి గురించి ఆలోచించరు. పవర్‌లూమ్‌ల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు స్థిరపడిన ప్రాంతాల్లో ఉధ్నా ఒకటి.

ఇలాంటి వేడి ప్రాంతాల్లో పెరిగి, చదువుకో ఉద్యోగానికో అమెరికాలోని బోస్టన్ లాంటి చోటుకు వెళ్లినవారికి మొదటి చలికాలంలో టైరు కొత్త పాఠం చెబుతుంది. ముచ్చటపడి కొన్న స్పోర్ట్స్ కారు మంచు మీద కాస్త యాక్సిలరేటర్ తొక్కగానే వెనక భాగాన్ని పక్కకు విసిరేస్తుంది. ఇంజిన్ శక్తి వెనక చక్రాలకు వెళ్లే కార్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. చాలామంది కారునే తప్పుపడతారు. అసలు చిక్కు చాలావరకు రబ్బరులో ఉంటుంది.

చలికి బిగుసుకుపోయే, వేడికి కరిగిపోయే ఆ రబ్బరును దారికి తేవడానికి ఒక మనిషి తన ఆస్తినీ ఆరోగ్యాన్నీ ధారపోశాడు. ఆయన పేరు చార్లెస్ గుడ్‌ఇయర్. ఆయన ప్రయోగం ఫలించిన ఊరు వోబర్న్, బోస్టన్‌కు దగ్గర్లోనే ఉంది.

జైల్లో మొదలైన ప్రయోగాలు

గుడ్‌ఇయర్ 1800 డిసెంబరు 29న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో పుట్టారు. తండ్రి బొత్తాలు, వ్యవసాయ పనిముట్లు తయారుచేసి అమ్మేవారు. చార్లెస్ కూడా అదే దారిలో ఫిలడెల్ఫియాలో హార్డ్‌వేర్ దుకాణం తెరిచారు. 1830 నాటికి అది దివాలా తీసింది. అప్పు తీర్చలేనివారిని జైల్లో పెట్టే రోజులవి. ఆయనకు ఆ జైళ్లు అలవాటైపోయాయి.

1834లో న్యూయార్క్‌లోని ఒక రబ్బరు వస్తువుల దుకాణంలో ఆయన ఆ పరిశ్రమ గుట్టు తెలుసుకున్నారు. అప్పట్లో రబ్బరు బూట్లంటే జనానికి మోజు. కానీ వేసవి రాగానే అవి జిగురుముద్దలయ్యేవి, చలికాలంలో చెక్కలా బిగుసుకునేవి. అమ్మిన సరుకు తిరిగొచ్చి కంపెనీలు మూతపడుతున్నాయి. రసాయనశాస్త్రం చదవని గుడ్‌ఇయర్, దీనికి మందు తానే కనిపెడతానని నమ్మారు. మళ్లీ జైలుకు వెళ్లినప్పుడు ముడి రబ్బరు, భార్య క్లారిస్సా అప్పడాల కర్ర తెప్పించుకుని అక్కడే పని మొదలుపెట్టారు.

మెగ్నీషియా కలిపి చూశారు. నైట్రిక్ ఆమ్లంలో ముంచి చూశారు. ఒక దశలో ప్రభుత్వం నుంచి తపాలా సంచుల ఆర్డర్ వచ్చింది. తయారైన సంచులు వేడికి కరిగి, పిడులు ఊడి వేలాడాయి. చేతికందిన గౌరవం అలా జారిపోయింది.

పొయ్యి మీద రబ్బరు, తలుపు బయట చలి

వోబర్న్‌లో పరిచయమైన నథానియల్ హేవార్డ్ రబ్బరులో గంధకం కలిపేవాడు. గుడ్‌ఇయర్ ఆ పద్ధతి హక్కులు కొన్నారు. 1839లో గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి వేడి పొయ్యికి తగిలింది. అది కరగలేదు. తోలులా మాడింది. మాడిన భాగం అంచున మాత్రం సాగే గుణం మిగిలింది. ఇది కేవలం అదృష్టమంటే గుడ్‌ఇయర్ ఒప్పుకునేవారు కాదు. ఏళ్ల తరబడి దానికోసమే వెతుకుతున్నవాడి కంటికే అది ఆనుతుందన్నది ఆయన వాదన.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఈ కథకు కీలకం. ఆ ముక్కను గడ్డకట్టే చలిలో తలుపు బయట మేకుతో కొట్టి రాత్రంతా వదిలేశారు. తెల్లారి చూస్తే అది ఇంకా మెత్తగా వంగుతోంది. అది చలిలో రబ్బరుకు పెట్టిన పరీక్ష. నేటి వింటర్ టైరుకు పెట్టే పరీక్ష కూడా మూలంలో అదే.

ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఈలోగా ఇంట్లో తిండి లేదు. పిల్లల చదువు పుస్తకాలు కూడా అమ్మేశారు. ఒక చలికాలం తుపానులో, సాయం అడగడానికి మంచులో మైళ్ల కొద్దీ నడిచి మధ్యలో సొమ్మసిల్లినంత పనైంది. చిన్న కొడుకు చనిపోతే అంత్యక్రియలకు డబ్బు లేదు.

1844 జూన్ 15న అమెరికా పేటెంట్ వచ్చింది. ఇంగ్లండ్‌లో మాత్రం ఆయన నమూనాలు చూసిన థామస్ హాన్‌కాక్ కొన్ని వారాల ముందే దరఖాస్తు పెట్టుకున్నారు. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరిట ఈ ప్రక్రియకు వల్కనైజేషన్ అనే పేరు కూడా అక్కడే పెట్టారు. 1855లో పారిస్ ప్రదర్శనకు వెళ్లి మళ్లీ అప్పుల జైలు పాలైన గుడ్‌ఇయర్‌కు ఫ్రాన్స్ ఇచ్చిన లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం ఆ జైల్లోనే అందింది. 1860 జూలై 1న న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశారు. అప్పులు సుమారు 2 లక్షల డాలర్లు. ఆయన పేరుతో ఉన్న టైర్ల కంపెనీ 1898లో వేరేవాళ్లు పెట్టింది. ఆయన కుటుంబానికి దానితో సంబంధం లేదు.

చలి ఇంకా ఓడలేదు

గంధకం రబ్బరులోని పొడవాటి అణువులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అందుకే అది కరగదు, సాగినా మళ్లీ యథాస్థితికి వస్తుంది. అంతమాత్రాన ఒకే మిశ్రమం అన్ని కాలాలకూ సరిపోదు. వేసవి టైరు సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ చలిలో గట్టిపడుతూ పట్టు కోల్పోతుంది. వింటర్ టైరులో సహజ రబ్బరు, సిలికా పాళ్లు మార్చి చలిలోనూ మెత్తగా ఉండేలా చేస్తారు. దాని మీది సన్నటి గాట్లు మంచును పట్టుకుంటాయి. 1934లో ఫిన్లాండ్ కంపెనీ ఒకటి ట్రక్కుల కోసం ఇలాంటి టైరు తెచ్చింది.

ముందు ఇంజిన్ ఉండి వెనక చక్రాలు తోసే స్పోర్ట్స్ కారుకు వెనక బరువు తక్కువ, శక్తి ఎక్కువ. గట్టిపడిన రబ్బరు మీద ఆ శక్తి పడితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, తోక పక్కకు పోతుంది. వెనక రెండింటికే వింటర్ టైర్లు వేస్తే బండి కదులుతుంది కానీ మలుపులో ముందు చక్రాలు మాట వినవు, బ్రేకు వేసినా సరిగా ఆగదు. అందుకే నాలుగూ మార్చాలి. జారకుండా ఆపే ఎలక్ట్రానిక్ వ్యవస్థలు ఉన్న పట్టును సర్దగలవే తప్ప లేని పట్టును పుట్టించలేవు.

చలి ఎరగని ఉధ్నా లాంటి ఊళ్లలోనూ గుడ్‌ఇయర్ పొయ్యి ఆరలేదు. వల్కనైజింగ్ అని బోర్డు పెట్టుకున్న పంక్చర్ దుకాణాల్లో ట్యూబు మీద ముక్క పెట్టి, వేడి పలక కింద బిగించి అతికిస్తారు. వోబర్న్‌లో ఒక దివాలా మనిషి పొయ్యి దగ్గర తెలుసుకున్న రహస్యంతోనే ఆ ట్యూబు మళ్లీ రోడ్డెక్కుతుంది.